1841 నాటి బ్యాలే గౌను కుట్టాలి: క్యాన్‌క్యాన్ నెట్టా, పొందూరు ఖద్దరా?

ప్రశ్న: కోటజంక్షన్_మిషన్ (విజయనగరం)

ఇక్కడి ఓ కాలేజీ వార్షికోత్సవానికి 'జిజెల్' అనే ఫ్రెంచి బ్యాలే (నృత్యనాటకం) రెండో అంకం నుంచి పది నిమిషాల ముక్క వేస్తున్నారు. ఎనిమిదిమంది ఆడపిల్లలు, అందరికీ తెల్ల గౌన్లే. వాళ్ళిచ్చిన ఫొటోలో గౌను నడుము దగ్గర పళ్ళెంలా అడ్డంగా నిలబడి ఉంది, కాళ్ళు మొత్తం కనిపిస్తున్నాయి. వేయిస్తున్న మేడమ్ గారు మాత్రం "మనకి కావలసింది 1841 నాటిది, పొడుగ్గా ఉండాలి" అంటున్నారు. రెండింట్లో ఏది సరి?

నమూనాకి క్యాన్‌క్యాన్ నెట్‌తో 4 పొరలు వేసి ఒకటి కుట్టాం. గొడుగు విప్పినట్టు నిలబడింది. పిల్ల గిరుక్కున తిరిగితే గౌను అట్టముక్కలా మొత్తం ఒక్కసారే తిరుగుతోంది, ఆగితే టక్కున ఆగిపోతోంది. నడుము దగ్గర కుచ్చులు ఉబ్బి మనిషి లావుగా కనిపిస్తోంది. తప్పెక్కడ?

ఇంకా కొన్ని: ఎన్ని పొరలు, ఎన్ని మీటర్లు? అప్పట్లో మస్లిన్ వాడేవారంటారు కదా, పక్కనే ఉన్న పొందూరు సన్నఖద్దరు వాడితే ఎలా ఉంటుంది? వెనక జిప్పు వేయొచ్చా? స్టేజీ మీద ముందు జ్యోతి ప్రజ్వలన, చివర్లో కోల్డ్ ఫైర్ (రవ్వలు చిమ్మే గొట్టాలు) పెడతారట. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

పాతతెర (శ్రీకాకుళం)

మేడమ్ గారి మాటే సరి. పళ్ళెం గౌను తర్వాతి తరానిది. 19వ శతాబ్దం చివర్లో ఇటలీ నర్తకుల కాలిపని జోరు పెరిగాక, ఆ పని కనబడాలని గౌను మోకాలి దాకా పొట్టిదయింది, ఆ తర్వాత ఇంకా పైకి ఎగబాకింది. మీకు కావలసిన గంట ఆకారపు గౌనుకి దారి వేసింది 1832 మార్చి 12న పారిస్ ఒపేరాలో వేసిన 'లా సిల్ఫీద్'. కూర్చినవాడు ఫిలిప్పో తాల్యోనీ, ఆడింది ఆయన కూతురు మరీ తాల్యోనీ. దుస్తుల ఊహ యూజెన్ లామీ అనే చిత్రకారుడిదని చెబుతారు. భుజాలు కనిపించే బిగుతు పైభాగం, పిక్కల సగం దాకా జారే తెల్లటి పల్చని గౌను, లేత గులాబీ మేజోళ్ళు, సాటిన్ చెప్పులు, వీపున చిన్న రెక్కలు. అంతే సరంజామా.

అంత తెలుపు ఎందుకంటే, చాలా మటుకు దీపాల వల్ల. పారిస్ ఒపేరాలో 1822లో గ్యాసు దీపాలు వచ్చాయి. కొవ్వొత్తికీ నూనె దీపానికీ లేని సుఖం గ్యాసులో ఉంది, ఒక్కచోట తిప్పితే మొత్తం వెలుగు తగ్గించొచ్చు. 1831 నవంబరులో 'రాబేర్ ల డియాబ్ల్' ఒపేరాలో సమాధుల్లోంచి లేచిన సన్యాసినుల నృత్యం వేశారు. మసక వెలుతురులో పల్చటి తెల్లబట్ట ఎలా తేలుతుందో ప్రేక్షకులకి అక్కడ రుచి తెలిసింది. నాలుగు నెలల్లో 'సిల్ఫీద్', తొమ్మిదేళ్ళకి 1841 జూన్ 28న 'జిజెల్'. నాయిక కార్లోట్టా గ్రీసీ, దుస్తులు పోల్ లోర్మియే.

రెండో అంకంలో వచ్చే విలీలు పెళ్ళికి ముందే చచ్చిపోయిన పిల్లల ఆత్మలు. రాత్రి దారిన పోయే మగాణ్ణి పట్టుకుని చచ్చేదాకా ఆడిస్తారు. మన కామినీ దయ్యాలకి దూరపు చుట్టాలు అనుకోండి. కాబట్టి ఆ తెలుపు పెళ్ళిబట్టలా కూడా కనబడాలి, శవం మీద కప్పిన గుడ్డలా కూడా కనబడాలి. తళుకులు, రాళ్ళు, జరీ వద్దు. ఎవరెంత బతిమాలినా వద్దు.

ఇంకో మాట. ఆ కాలం అంతా తెలుపే అనుకోవడం పొరపాటు. 1836లో ఫానీ ఎల్స్‌లర్ అనే నర్తకి 'కచూచా' అనే స్పానిష్ ఆట ఆడింది గులాబీ సాటిన్ గౌను మీద నల్ల లేసు అంతస్తులతో. ఎప్పుడైనా ఒకటో అంకం కూడా వేస్తే పల్లెపడుచుల రంగు బట్టలు కావాలి, ఈ తెల్ల గౌన్లు పనికిరావు.

పడుగుపేక (పొందూరు వైపు)

బట్ట సంగతి నేను చెబుతాను.

అప్పటి గౌన్లలో నడిచినవి ముఖ్యంగా మస్లిన్, గాజ్ (గాయాలకి కట్టే గుడ్డలాంటి పల్చని నేత), టార్లటాన్, టుల్. ఈ నాలుగూ ఒకటి కావు. మస్లిన్ సన్ననూలు సాదా నేత, మెత్తగా జారుతుంది. టార్లటాన్ నేత బాగా విడివిడిగా ఉండే నూలుబట్ట, దాన్ని గంజితో బిగిస్తారు. దాని బిగువంతా గంజిదే, నూలుది కాదు. టుల్ అనేది నేత కాదు, ఆరుమూలల కళ్ళున్న వల. ఫ్రాన్సులో టుల్ ఊరి పేరు దానికి వచ్చింది. ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ 1808–09లో ఆ వల అల్లే మిషన్‌కి పేటెంట్లు తీసుకున్నాక, చేత్తో అల్లితే నెలలు పట్టే బట్ట గజాల లెక్కన దొరకడం మొదలైంది. గాల్లో తేలే నర్తకి వెనక ఫ్యాక్టరీ చప్పుడు ఉందన్నమాట.

ఇక పొందూరు. సన్నరకం 100 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) చేతినూలు, దూదిని వాలుగ చేప దవడతో దువ్వి తీస్తారు. స్వభావంలో అది అప్పటి మస్లిన్‌కి నిజంగా దగ్గర. అలాగని గౌను మొత్తం దాంతో కుడితే దెబ్బ తింటారు. మెత్తటి నూలుబట్ట పొర మీద పొర వేస్తే ఒకదానికొకటి అంటుకుని కిందికి వేలాడుతుంది, పొరల మధ్య గాలి నిలవదు. నిలబెట్టాలంటే గంజి పెట్టాలి. మన కోస్తా గాలిలో తేమకి గంజి మెత్తబడుతుంది, చెమట తగిలితే నడుము దగ్గర ముందు కూలిపోతుంది. సాయంత్రం ఆరింటికి గంటలా ఉన్న గౌను ఎనిమిదింటికి తడి పంచెలా ఉంటుంది.

నా సలహా: సన్నఖద్దరు రెండుచోట్ల వాడండి. అన్నిటికన్నా లోపల ఒంటికి తగిలే లంగాకి ఒకటి, పైభాగం మీద కనిపించే బట్టకి ఒకటి. మధ్య పొరలన్నీ మెత్తటి నైలాన్ నెట్. ఖద్దరు కత్తిరించే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. ముందు ముడుచుకోకపోతే కుట్టాక ముడుచుకుంటుంది. చేనేత కాబట్టి తాను తానుకీ పన్నా (బట్ట వెడల్పు) కొంచెం తేడా వస్తుంది, కొలిచాకే లెక్క వేసుకోండి. ఎనిమిదిమందికీ ఒకే విడత బట్ట తీసుకోండి. లేకపోతే లైట్ల కింద ఒకరు పాల తెలుపు, ఒకరు మీగడ తెలుపు అవుతారు.

క్యాన్‌క్యాన్ నెట్ పెళ్ళి లెహంగాల కిందికి, అసలు కదలకుండా ఉండటానికే చేసింది. పేరు మాత్రం పారిస్ డ్యాన్సు హాళ్ళలో గౌన్లు ఎగరేస్తూ ఆడిన ఆటది, అదీ 1830ల నాటిదే!

కత్తెరమాస్టారు (విజయనగరం)

అన్నగారూ, మీ నమూనాలో తప్పులు రెండు. ఒకటి నెట్, అది పైన చెప్పేశారు. రెండోది, నాలుగు పొరలూ ఒకే గీత మీద, అదీ నడుము గీత మీదే కుట్టి ఉంటారు. నాలుగు కుచ్చుల మందం ఒక్కచోట పడితే నడుము ఉబ్బక ఏమవుతుంది?

దీనికి నడుము నుంచి తుంటి దాకా 4 అంగుళాల బెల్టు కావాలి. గట్టి నూలు డ్రిల్లు గుడ్డ, కింద తుంటి కొలతకి తగ్గట్టు విచ్చుకునేలా పక్కన కోణం. ఈ బెల్టు మీద పొరల్ని మెట్లుమెట్లుగా వేయాలి. నడుము 26, నడుము నుంచి నేల 39 ఉన్న పిల్లని లెక్కకి తీసుకుందాం. గౌను అంచు నేలకి 11 అంగుళాల పైన ఆగాలి. అంటే నడుము నుంచి 28.

పైపొర నడుముకి ఒకటిన్నర అంగుళం కింద కుట్టండి. రెండోది రెండుంపావు, మూడోది 3, లోపలిది మూడుంముప్పావు దగ్గర. కింద అంచు కూడా లోపలికి పోయేకొద్దీ ఒక్కో పొర అర అంగుళం పొట్టిగా ఉండాలి. అప్పుడు నికరం పొడవులు 26½, 25¼, 24, 22¾. ఒక్కోదానికి 2 అంగుళాలు ఎక్కువ వేసి కత్తిరించండి, చివర్లో సరిచేయడానికి. 54 అంగుళాల పన్నా నెట్ అయితే పొరకి 4 పన్నాలు. చుట్టుకొలత 216 వస్తుంది, బెల్టు మీద దాదాపు 30లోకి కుచ్చు పడుతుంది, ఏడు రెట్లు. ఒక గౌనుకి 10.8 మీటర్లు, 11 అనుకోండి. ఎనిమిదింటికి 88, చెడిపోయేవాటికి కలిపి 95 తెచ్చుకోండి. మీ నెట్ పన్నా 44 అయితే పొరకి 5 పన్నాలు పెట్టాలి, మీటర్లు ఆ లెక్కన పెరుగుతాయి.

నెట్‌కి కూడా నిలువు అడ్డం ఉంటుంది. రెండు చేతులతో లాగి చూడండి, అడ్డంగా ఎక్కువ సాగుతుంది. తాను అంచు గౌనులో నిలువుగా రావాలి. పొదుపు కోసం అడ్డంగా తిప్పారో, రెండు రోజులు వేలాడేసరికి అంచు అక్కడక్కడ సాగి కిందికి దిగుతుంది. పన్నాల్ని ఒకదానిమీద ఒకటి అర అంగుళం ఎక్కించి ఒక్క కుట్టు వేస్తే చాలు. మడిచి కుడితే ఆ గీత కర్రలా నిలబడుతుంది.

కుచ్చు తీయడం: మామూలు పెద్దకుట్టు వేసి దారం లాగితే నెట్ కళ్ళల్లోంచి దారం జారుతుంది, లేదా సగంలో తెగుతుంది. అంచుకి పావు అంగుళం లోపల సన్నటి గట్టి తాడు పరిచి, దానిమీద జిగ్‌జాగ్ కొట్టండి. సూది తాడుని గుచ్చకూడదు, అది మాత్రం చూసుకోవాలి. తర్వాత తాడు లాగితే 216 అంగుళాలూ తెగకుండా వస్తుంది. లాగకముందే నెట్‌నీ బెల్టునీ నాలుగు పావులుగా చేసి గుర్తులు పెట్టండి. లేకపోతే కుచ్చంతా వెనక్కి చేరి ముందు పలచబడుతుంది.

అంచుకి మడత, పీకో, ఓవర్‌లాక్ ఏదీ వద్దు, నెట్ పోగు ఊడదు. మడత పెడితే బరువెక్కి గంట ఆకారం పోతుంది. కుట్టిన గౌనుని ఒక రోజు వేలాడదీసి, ఆపైన పిల్లకి తొడిగి, నడుము నుంచి కాకుండా నేల మీద స్కేలు నిలబెట్టి 11 దగ్గర గుర్తు పెడుతూ చుట్టూ రండి. పిల్ల కదలకుండా మీరే తిరగాలి.

పైభాగం గురించి: 1840ల్లో నడుము ముందువైపు కోణంగా కిందికి దిగుతుంది. ఆ మొన బెల్టు మీదికి ఒకటిన్నర, రెండు అంగుళాలు రావాలి. అసలు ముందు చూపుకి పడేది అదే, అది లేకపోతే బర్త్‌డే ఫ్రాకు అయిపోతుంది. డాట్లు (బిగువు కోసం వేసే మడత కుట్లు) వేయకండి. ముందు 3 ముక్కలు, పక్కలకి రెండేసి, వెనక రెండేసి నిలువు ముక్కలుగా కోసి బిగించండి. లోపల డ్రిల్లు, పైన ఖద్దరు. రెంటినీ ముందే టాకాలు వేసి ఒకే బట్టలా కుట్టాలి. విడివిడిగా కుట్టి తర్వాత కలిపితే లోపల ఒక దారి, పైన ఒక దారి. ముందు మూడు నిలువు గీతల్లో ప్లాస్టిక్ బోన్ (బట్ట నిలబెట్టే సన్న పట్టీ) వేయండి. బోన్ చివరలు కొవ్వొత్తి మంట మీద గుండ్రంగా కరిగించండి, మొనగా వదిలితే తొడిగిన గంటలో గుచ్చుకుంటుంది.

చంకకోత పైకి, ఒంటికి దగ్గరగా ఉండాలి. చంక కిందికి దించితే చేతులు ఎత్తినప్పుడల్లా గౌను మొత్తం పైకి లేస్తుంది. చాలామంది ఇది తిప్పి ఆలోచిస్తారు, వదులు కోసం చంక దించుతారు. బుట్టచేతుల్ని చంకకి కుట్టకండి. వేరుగా చేసి, ఎలాస్టిక్‌తో భుజం కింద నిలిపి, ముందూ వెనకా రెండు టాకాలు చాలు.

జిప్పు వద్దు. అప్పట్లో లేదన్నది ఒక కారణం. అసలు కారణం, జిప్పు పోతే మొత్తం ఒక్కసారే పోతుంది, హుక్కు పోతే ఒక్కటే పోతుంది. ముప్పావు అంగుళానికి ఒక హుక్కు, ఒకటి కుడి నుంచి ఎడమకి, తర్వాతిది ఎడమ నుంచి కుడికి. అలా ఎదురెదురుగా పెడితే ఊపిరి తీసి వదిలినా ఊడవు.

కోటజంక్షన్_మిషన్

మాస్టారూ, దండం. ఊహించినట్టే నాలుగూ నడుము గీత మీదే ఉన్నాయి. నమూనా విప్పి బెల్టు మీద మెట్లుగా వేసి చూశాం, నడుము సన్నబడింది. నెట్ ఇంకా పాతదే కాబట్టి కదలిక రాలేదు, మెత్తటిది తెప్పిస్తాం. ఒక్క అనుమానం: నాలుగూ ఒకే మెత్తటి నెట్ అయితే గంటలా నిలుస్తుందా, వాలిపోదా?

కత్తెరమాస్టారు

లోపలి పొర ఒక్కటి మధ్యరకం వేయండి, చేత్తో నలిపి వదిలితే నెమ్మదిగా విచ్చుకునేది. మిగతా మూడూ మెత్తటివే. పైది అన్నిటికన్నా పల్చన. తిరిగి ఆగినప్పుడు గౌను ఒక లెక్క ఆలస్యంగా వచ్చి కాళ్ళ మీద వాలాలి. ఆ ఆలస్యం వస్తే మీ గౌను సరిగ్గా వచ్చినట్టే.

వెలిగారం

చివర అడిగిన జ్యోతి ప్రజ్వలన, కోల్డ్ ఫైర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నిజానికి ముందు అది తేల్చుకోవాలి.

1844 డిసెంబరులో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి గౌనుకి దీపం అంటుకుని, మూడు రోజుల్లో చనిపోయింది. 1862 నవంబరు 15న పారిస్ ఒపేరాలో రిహార్సల్ జరుగుతుండగా ఎమ్మా లివ్రీ గౌను గ్యాసు దీపానికి అంటుకుంది. వయసు ఇరవై. ఎనిమిది నెలలు నరకం పడి 1863 జూలై 26న పోయింది. ఆ గౌనులో మిగిలిన గుడ్డముక్కలు పారిస్ ఒపేరా మ్యూజియంలో ఉన్నాయి. బట్ట అంటుకోకుండా చేసే మందు లేక జరిగింది కాదు ఇది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్ 1821లోనే అమ్మోనియం ఫాస్ఫేటు, వెలిగారం (బోరాక్స్) వంటి లవణాలతో బట్ట అంటుకోకుండా చేయొచ్చని చూపాడు. ఒపేరా దుస్తులకి మంట నిరోధించే పూత వేయాలని 1859లో ప్రభుత్వ ఆదేశం కూడా వచ్చింది. పూత వేస్తే గౌను బిరుసెక్కి, తెలుపు మాసినట్టవుతుందని నర్తకులు ఒప్పుకోలేదు. లివ్రీ తన మామూలు గౌనుతోనే ఆడతానని రాసి ఇచ్చింది.

ఈ గౌను ఎందుకంత త్వరగా అంటుకుంటుందో చూడండి. వల బట్టలో ప్రతి పోగు చుట్టూ గాలి ఉంటుంది. పొరల మధ్య ఖాళీ పొయ్యి గొట్టంలా కింది మంటని పైకి లాగుతుంది. పిల్ల భయపడి పరిగెత్తితే విసనకర్ర పెట్టి విసిరినట్టే. మీ నైలాన్ నెట్ నూలులా భగ్గుమనకపోయినా కరిగి ఒంటికి అతుక్కుంటుంది, అది ఇంకో రకం ఘోరం.

కాబట్టి దీపం వెలిగించే వేళకి ఈ ఎనిమిదిమంది స్టేజీ మీద ఉండకూడదు. అతిథుల వెనక అందంగా నిలబెడదామనే ఆలోచన ఎవరికైనా వస్తుంది, ఒప్పుకోకండి. కుందిని నృత్యానికి ముందు ఆర్పడం కాదు, స్టేజీ దింపేయమనండి. కోల్డ్ ఫైర్ పేరులోనే చల్లన. అందులోంచి వచ్చేవి మండుతున్న లోహపు రవ్వలు, గొట్టం దగ్గర నిప్పే. ఈ అంశానికి అది వద్దని ముందే నిర్వాహకులతో కాగితం మీద పెట్టించుకోండి. పక్కతెర వెనక తడిపిన రెండు మందపాటి నూలు దుప్పట్లు, వాటి దగ్గర ఒక పెద్దమనిషి.

ఖద్దరు లంగాకి, పైభాగానికి మందు ఇంట్లోనే కలుపుకోవచ్చు: 2 లీటర్ల వేడినీళ్ళలో వెలిగారం 200 గ్రాములు, బోరిక్ యాసిడ్ 85 గ్రాములు. పూర్తిగా కరిగాక బట్ట ముంచి, పిండి, నీడన ఆరేసి, మరీ వేడి లేని ఇస్త్రీ చేయండి. చేతులకి గ్లవ్స్, చిన్నపిల్లలకి అందకుండా పని. ఈ బట్ట ఒంటికి తగలకుండా లోపల మామూలు బనీను ఉండాలి. ఉతికితే మందు పోతుంది, మళ్ళీ ముంచాలి. ఎక్కువ గాఢంగా కలిపితే ఆరాక తెల్లపొడి రాలుతుంది. పారిస్ నర్తకుల ఫిర్యాదు ఎంత నిజమో అప్పుడు అర్థమవుతుంది. పరీక్షకి అంగుళం వెడల్పు పీలిక ఆరుబయట పట్టకారుతో నిలువుగా పట్టుకుని, కింది అంచుకి పది సెకన్లు అగ్గిపుల్ల పెట్టండి. పుల్ల తీయగానే మంట ఆరాలి, పాకకూడదు. ఈ మందు నూలుకే పనిచేస్తుంది, నైలాన్ నెట్‌కి పనిచేయదు. నెట్‌కి మంట నిరోధకమని అమ్మే రకమే కొనాలి, దాన్నీ ఇలాగే పరీక్షించాలి.

పాతతెర

వెలిగారం గారి మాట ముందు వినండి, మిగతావి తర్వాత.

రెండు చిన్న సంగతులు. లైట్లు: గ్యాసు వెలుగు పసుపు కలిసినది. ఇప్పటి ఎల్‌ఈడీ తెల్లలైటు కింద కొత్త నైలాన్ నీలం కొడుతుంది. స్టేజీ లైటింగ్ వాళ్ళని పసుపు కలిపి సగానికి తగ్గించమనండి, అల్ట్రావయొలెట్ గొట్టాలు అసలు వద్దు. నెట్ తెలుపుని కాస్త విరచాలంటే పల్చని టీ డికాక్షన్‌లో ముంచొచ్చు, నైలాన్ అయితే పట్టుకుంటుంది, పాలియెస్టర్ అయితే అంటదు. ముక్క మీద చూసి దిగండి.

చెప్పులు: ఎవరైనా ఆన్‌లైన్‌లో ముందు గట్టి డబ్బా ఉన్న పాయింట్ షూస్ తెప్పిస్తామంటే ఆపండి. తాల్యోనీ చెప్పుల్లో ఆ డబ్బా లేదు. మెత్తని సాటిన్ చెప్పు, తోలు అడుగు, ముందు పక్కలకీ కిందికీ దారంతో దట్టంగా రఫ్ఫు కుట్టు, అంతే. మిగతా బలం కాలిది. ఏళ్ళ సాధన లేని పిల్లలు వేళ్ళ మీద లేస్తే చీలమండ మెలిపడుతుంది. మెత్తటి గులాబీ బ్యాలే చెప్పులు, అరపాదం మీద లేవడం, ఈ ముక్కకి సరిపోతుంది.

కోటజంక్షన్_మిషన్

లైటింగ్ వాళ్ళకీ నిర్వాహకులకీ చెప్పేశాం, కోల్డ్ ఫైర్ తీసేశారు. ఆఖరిది: విలీలు మొదట మేలిముసుగుతో వచ్చి, చటుక్కున అవి మాయమవ్వాలట. చేత్తో తీస్తే బాగుండదంటున్నారు.

కత్తెరమాస్టారు

అన్నిటికన్నా మెత్తటి నెట్ ఒకటింపావు మీటరు, నాలుగు మూలలూ గుండ్రంగా కోసేయండి. నడినెత్తి దగ్గర బటనంత గుడ్డముక్క కుట్టి, దానికి సన్నటి నల్ల నైలాన్ దారం కట్టి పక్కతెరలోకి ఇవ్వండి. జుట్టుకి పిన్ను పెట్టకూడదు, ముడి మీద ఊరికే నిలవాలి. దారం ముందుకి కాకుండా పైకీ వెనక్కీ లాగాలి. ముందుకి లాగితే ముసుగు మొహానికి చుట్టుకుని, పూలకిరీటంతో సహా వస్తుంది. కిరీటం ముసుగు కిందే ఉండాలి కాబట్టి దాని ఆకుల మొనలు కత్తిరించి మొద్దు చేయండి, ఒక్క మొన నెట్ కంట్లో ఇరుక్కున్నా పని చెడుతుంది. ఎనిమిది దారాలు ఒకరే లాగలేరు, ఎడమ పక్కతెరకి నాలుగు దారాలు, కుడికి నాలుగు, లాగడానికి ఇద్దరు మనుషులు. రిహార్సల్లో గౌన్లు తొడిగే చేయించండి, నెట్ మీద నెట్ పడితే జారదు, పట్టుకుంటుంది.